కండెన్సర్ లాంటి స్పీకర్‌కి వాల్వు యాంపా, ట్రాన్సిస్టర్ యాంపా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొండాపూర్ ఫ్లాట్‌లో పన్నెండు బై పదహారు అడుగుల హాలు, సెకండ్ హ్యాండ్‌లో దొరికిన మార్టిన్ లోగన్ ఎలక్ట్రోమోషన్ ఈఎస్ఎల్ అనే ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ స్పీకర్ల జత. వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు. చేతిలో రెండు బేరాలు ఉన్నాయి: కేటీ88 వాల్వులు (పాత రేడియోల్లోలాంటి గాజు గొట్టాలు) జతలుగా పనిచేసే 40 వాట్ల పుష్‌పుల్ యాంప్ ఒకటి, 150 వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్ ఒకటి. మీ బావగారేమో ప్యానెల్ స్పీకర్లకి వాల్వులే ప్రాణం అంటున్నారు. షాపాయనేమో "కరెంటు గుంజే స్పీకర్లండీ, వాల్వులు తట్టుకోలేవు" అంటున్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఇద్దరి మనసులో ఉన్న స్పీకర్లు వేరు, అంతే.

నా మాట ముందే చెప్పేస్తాను. మీ స్పీకర్‌కి, మీ ఇంటికి ట్రాన్సిస్టర్ యాంపే తీసుకోండి. అయితే 150 వాట్లన్న అంకె చూసి కాదు, ఏం చూడాలో కింద చెబుతాను. అదే మీ దగ్గర 1957 నాటి క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ ఉండి ఉంటే వాల్వు యాంపే కొనమనేవాణ్ణి. దీనికి కారణం అర్థమైతే రేపు స్పీకర్ మార్చినా మళ్లీ ఎవర్నీ అడగక్కర్లేదు.

మామూలు కోన్ స్పీకర్ యాంప్‌కి ఇంచుమించు రెసిస్టర్‌లా కనిపిస్తుంది. ఎలక్ట్రోస్టాటిక్ ప్యానెల్ అలా కాదు. రెండు చిల్లుల రేకుల మధ్య, వేల వోల్టులతో చార్జి చేసిన పల్చటి ప్లాస్టిక్ పొర వేలాడుతుంటుంది. రేకుల మీద ఆడియో వోల్టేజ్ మారేకొద్దీ పొర అటూ ఇటూ కదులుతుంది. అంటే అది అచ్చంగా మన పాత రేడియో మెకానిక్కులు కండెన్సర్ అనే వస్తువే, కాకపోతే నిలువెత్తుది. దాన్ని కదిలించడానికి వేల వోల్టుల ఊపు కావాలి గనక, యాంప్‌కీ ప్యానెల్‌కీ మధ్య వోల్టేజ్ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఉంటుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకి ప్యానెల్ 500 పికోఫారడ్లు, ట్రాన్స్‌ఫార్మర్ వంద రెట్లు పెంచేది అనుకుందాం. వోల్టేజ్ వంద రెట్లు పెరిగితే యాంప్ వైపు నుంచి ఆ కెపాసిటెన్స్ పదివేల రెట్లుగా కనిపిస్తుంది. అంటే 5 మైక్రోఫారడ్లు. దీని ఇంపిడెన్స్ (ఏసీకి చూపే అడ్డు) 2 కిలోహెర్ట్జ్ దగ్గర 16 ఓమ్‌లు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 3.2 ఓమ్‌లు, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1.6 ఓమ్‌లు. లెక్క సులువుగా ఉండాలని లీకేజ్ ఇండక్టెన్స్, తీగల రెసిస్టెన్స్ పక్కన పెట్టాను. అయినా మీ స్పీకర్ కాగితం తీసి చూడండి: "6 ఓమ్‌లు, 20 కిలోహెర్ట్జ్ వద్ద 1.6" అనే రాసి ఉంటుంది. ఆ ఆరు ఓమ్‌లు పేరుకే. అసలు సంగతి రెండో అంకెలో ఉంది.

ఇప్పుడు యాంప్ వైపు. ప్రతి యాంప్‌కీ తనదైన లోపలి రెసిస్టెన్స్ కొంత ఉంటుంది. దాన్నే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అంటాం. స్పీకర్ ఇంపిడెన్స్ దిగేకొద్దీ, అందాల్సిన వోల్టేజ్‌లో కొంత ఈ లోపలి రెసిస్టెన్స్ దగ్గరే ఆగిపోతుంది. మామూలు ట్రాన్సిస్టర్ యాంప్‌లో అది ఓమ్‌లో పదో వంతు కూడా ఉండదు. కేటీ88 పుష్‌పుల్‌లో డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ ఓమ్‌లని లోపలి రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చే అంకె) 8 అని రాసి ఉంటే, 8 ఓమ్‌ల ట్యాప్ (స్పీకర్ తగిలించే టెర్మినల్) మీద లోపలి రెసిస్టెన్స్ 1 ఓమ్ అన్నమాట. పై లెక్కలో 1 ఓమ్ పెడితే 10 కిలోహెర్ట్జ్ దగ్గర 0.4 డెసిబెల్, 20 దగ్గర దాదాపు ఒకటిన్నర డెసిబెల్ తగ్గుతుంది. చాలామందికి ఇది వినపడీ వినపడనట్టుంటుంది. నా వయసులో 20 కిలోహెర్ట్జ్ ఉన్నా లేకపోయినా ఒకటే. కానీ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దుకోవడం) లేని, జత లేకుండా నడిచే సింగిల్ ఎండెడ్ ట్రయోడ్ వాల్వు యాంప్ తీసుకుని లోపలి రెసిస్టెన్స్ 3 ఓమ్‌లు అనుకోండి, 10 కిలోహెర్ట్జ్ దగ్గరే 2.8 డెసిబెల్, 20 దగ్గర ఆరున్నర డెసిబెల్ పోతుంది. తాళాల చివర ఉండే ఆ మెరుపు మీద దుప్పటి కప్పినట్టే.

కొందరు దాన్నే "వాల్వు తియ్యదనం" అంటారు. తియ్యగా ఉంటే తప్పేం లేదు, నాకూ కొన్ని రికార్డింగులకి అదే బాగుంటుంది. కాకపోతే అది వాల్వులోంచి వచ్చిందని నమ్మి లక్షన్నర ఖర్చు పెట్టేముందు, అది కేవలం ట్రెబుల్ తగ్గడం వల్లేనా అని చూసుకోవాలి. ఆ పరీక్షకి కొద్ది రూపాయలు చాలు, కింద చెబుతాను.

ఇక మీ బావగారి మాటకి మూలం ఏమిటో చూద్దాం. ఇంగ్లండ్‌లోని హంటింగ్డన్‌లో పీటర్ వాకర్ నడిపిన కంపెనీ 1957లో క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్‌ని అమ్మకానికి తెచ్చింది. తర్వాత అందరూ దాన్ని ఈఎస్ఎల్ 57 అన్నారు. అప్పటికి ట్రాన్సిస్టర్ హైఫై యాంపులు పెద్దగా లేవు. వాళ్ల సొంత క్వాడ్ 2 యాంప్ 1953 నాటిది, రెండు కేటీ66 వాల్వులతో 15 వాట్లు ఇచ్చేది. ఆ స్పీకర్ 16 ఓమ్‌ల రకం. బేస్‌లో ఇంపిడెన్స్ బాగా ఎక్కువ, పైకి వెళ్లేకొద్దీ దిగుతుంది. 15 వాట్లు 16 ఓమ్‌ల మీద అంటే పీక్ 22 వోల్టులు. స్పీకర్ భరించే గరిష్ఠం 33 వోల్టుల పీక్. రెండూ ఒకదానికొకటి కొలిచి చేసిన జత. యాంప్‌కి బలం చాలక పైన కొంచెం మెత్తబడినా, స్పీకర్‌ని చంపే శక్తి మాత్రం దానికి లేదు. ప్యానెల్, వాల్వు అనగానే జనం మనసులో మెదిలేది ఈ జతే.

స్పీకర్‌ని చంపడం అన్నది ఊరికే అన్న మాట కాదు. 1990లలో ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఈఎస్ఎల్ 57 జత కొన్నాను. ఒక శనివారం స్నేహితుడి 100 వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్ అరువు తెచ్చి తగిలించాను. 100 వాట్లు 8 ఓమ్‌ల మీద అంటే 40 వోల్టుల పీక్. ఈ లెక్క ఆ రోజే చేసుకుని ఉండాల్సింది. తని ఆవర్తనం మధ్యలో, వాల్యూమ్ మరీ ఎక్కువేం పెట్టలేదు, టప్‌మని చప్పుడు, ఆ వెంటనే ఓజోన్ వాసన. ఎడమ స్పీకర్ ట్రెబుల్ ప్యానెల్‌లో సూది మొనంత చిల్లి. ఆ స్పీకర్‌లో బేస్ ప్యానెళ్లకి 6 కిలోవోల్టులు, ట్రెబుల్‌కి ఒకటిన్నర కిలోవోల్టుల బయాస్ (పొరని చార్జి చేసే వోల్టేజ్) ఉంటుంది. ట్రెబుల్ ప్యానెల్‌లో ఖాళీ చాలా సన్నం, ఎక్కువ వోల్టేజ్ తగిలితే అక్కడే నిప్పురవ్వ ఎగిరి ఆర్క్ అవుతుంది. యాంప్ తప్పు లేదు, స్పీకర్ తప్పూ లేదు, పూర్తిగా నాదే. కొత్త ప్యానెల్ వచ్చేదాకా ఒక చెవితోనే వినాల్సి వచ్చింది.

అందుకే 57కి ట్రాన్సిస్టరే కావాలనుకునేవాళ్లు 1967లో వచ్చిన క్వాడ్ 303 వెతుక్కుంటారు. 8 ఓమ్‌లకి 45 వాట్లు, అంటే పీక్ 27 వోల్టులు. పైగా దాని అవుట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటుంది కాబట్టి డీసీ బయటికి రాదు. డీసీ సంగతి తక్కువ మంది పట్టించుకుంటారు. బేస్ నుంచి ట్రెబుల్ దాకా అంతా ప్యానెలే పలికించే ఫుల్‌రేంజ్ ఎలక్ట్రోస్టాటిక్‌లో యాంప్‌కి నేరుగా కనిపించేది ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ, డీసీకి దాని రెసిస్టెన్స్ చాలా తక్కువ. పాత ట్రాన్సిస్టర్ యాంప్‌లో 50 మిల్లీవోల్టుల డీసీ లీకవుతోందంటే (దాన్నే ఆఫ్‌సెట్ అంటారు) మామూలు స్పీకర్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇక్కడ మాత్రం ఆ తీగ చుట్టలో వంద మిల్లీయాంపుల పైన పారి ట్రాన్స్‌ఫార్మర్ కోర్ అయస్కాంతత్వం ఒక పక్కకి ఒరిగిపోవచ్చు. బేస్ ఎందుకు మురికిగా ఉందో అర్థంకాక జుట్టు పీక్కుంటాం. వాల్వు యాంప్‌కి సొంత అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది గనక ఈ బెడదే లేదు. మీది హైబ్రిడ్, అంటే బేస్‌కి కోన్, పైన ప్యానెల్. ప్యానెల్ వైపు దారిలో క్రాసోవర్ (బేస్‌నీ పై శబ్దాల్నీ విడదీసే సర్క్యూట్) కెపాసిటర్లు డీసీని ఆపేస్తాయి కాబట్టి మీరు దీని గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

మీ స్పీకర్ 57కి దూరపు చుట్టం మాత్రమే. 500 హెర్ట్జ్ కింద అంతా ఎనిమిది అంగుళాల ఊఫర్ చూసుకుంటుంది, పైన ప్యానెల్. సెన్సిటివిటీ (ఇచ్చిన వోల్టేజ్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) 91 డెసిబెల్స్. కాబట్టి మీరు చూస్తున్న 40 వాట్లు మీ హాలుకి చప్పుడులో చాలవన్న భయం అసలు లేదు. షాపాయన "కరెంటు గుంజడం" కూడా కొంత అతిశయమే. సంగీతంలో 10 కిలోహెర్ట్జ్ పైన ఉండే శక్తి చాలా కొద్ది, అక్కడ ఇంపిడెన్స్ ఎంత దిగినా నిండు వోల్టేజ్ అడగదు. వీణ, మృదంగం, గాత్రం బరువంతా దాదాపు కిందే ఉంటుంది.

మరి వాల్వు ఎందుకు వద్దంటున్నాను? సగం ఊఫర్ కోసం. అందరూ ప్యానెల్ గురించే మాట్లాడతారు, హైబ్రిడ్‌లో వాల్వు యాంప్ ఎక్కువ తేడా చూపేది ఊఫర్ మీద. కోన్ స్పీకర్ ఇంచుమించు రెసిస్టర్‌లాంటిదన్నాను గానీ, దాని ఇంపిడెన్స్ కూడా బేస్‌లో కొండలా లేచి దిగుతుంది. లోపలి రెసిస్టెన్స్ 1 ఓమ్ ఉన్న యాంప్ ఆ కొండ ఆకారాన్ని కొంత మేర చప్పుడులోకి కూడా దించుతుంది. మృదంగం ఎడమవైపు, తొప్పి మీద పడ్డ దెబ్బ కాస్త ఉబ్బి, ఆలస్యంగా ఆగుతుంది. పైన ప్యానెల్ ఏమో చిటికె వేసినంత చురుగ్గా ఉంటుంది. హైబ్రిడ్ స్పీకర్లలో అసలే ఈ రెంటినీ కలపడం కష్టం, యాంప్ వాటిని ఇంకాస్త విడదీస్తుంది. ఊఫర్‌కి లోపలే సొంత యాంప్ ఉన్న పెద్ద మార్టిన్ లోగన్లు ఉన్నాయి, మీది వాటిలో ఒకటైతే నా సమాధానం ఇంత గట్టిగా ఉండేది కాదు.

మిగతా సగం మన వాతావరణం, మన కరెంటు. కేటీ88 ఫిలమెంటు ఒక్కటే 6.3 వోల్టుల మీద 1.6 యాంపులు తీసుకుంటుంది, అంటే పది వాట్లు. నాలుగింటికి నలభై. దాని మీద ప్లేట్ల వేడి. పాట వినపడినా వినపడకపోయినా 150 వాట్ల పైన హాల్లోకి వదులుతూనే ఉంటుంది. డిసెంబర్‌లో హాయిగా ఉంటుంది గానీ మే నెల సాయంత్రం ఏసీ ఒక పక్క, యాంప్ ఒక పక్క తగవులాడుకుంటుంటే తంబుర శ్రుతికన్నా ఏసీ శ్రుతే ముందు వినపడుతుంది. కరెంటు వోల్టేజ్ 230 కాస్తా 250కి ఎక్కే ఏరియా అయితే వాల్వుల ఆయుష్షు తగ్గుతుంది. ఒకప్పుడు బెంగళూరులో బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్లు రేడియో వాల్వులు చేసేవారు, వీధి చివర రేడియో షాపులో దొరికేవి. ఇప్పుడు వచ్చేదంతా దిగుమతి సరుకు, మ్యాచ్ చేసిన నాలుగింటి సెట్ కొనాలి, వాల్వుల బయాస్ (వాటిలో పారే నిలకడ కరెంటు) సరిచేయడం తెలిసిన మనిషి కావాలి. లోపల 400 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. యూట్యూబ్ చూసి మీరే విప్పకండి.

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి వెరవకూడదంటారు గానీ, ప్యానెల్ స్పీకర్ ఇంట్లో ఉందంటే ఒక రోలు ఎలాగూ ఉన్నట్టే. రెండోది ఎందుకు?

ఇప్పుడు ట్రాన్సిస్టర్ యాంప్ గొడవలు. ఇవీ తక్కువేం కాదు.

కెపాసిటర్ లోడ్‌లో కరెంటు వోల్టేజ్‌కన్నా ముందు నడుస్తుంది. మామూలు స్పీకర్‌లో కరెంటు ఎక్కువ పారేటప్పుడు వోల్టేజ్ కూడా అవుట్‌పుట్‌కి వెళ్లిపోతుంది కాబట్టి ట్రాన్సిస్టర్ మీద మిగిలే భారం తక్కువ. ఇక్కడ అవుట్‌పుట్ వోల్టేజ్ సున్నా దగ్గర ఉన్నప్పుడే కరెంటు శిఖరానికి చేరుతుంది, ఆ క్షణంలో సప్లయ్ వోల్టేజ్ అంతా ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది. అందుకే కొన్ని యాంపుల్లో ప్రొటెక్షన్ సర్క్యూట్ అపాయం లేకపోయినా కంగారుపడి సిగ్నల్‌ని కత్తిరించేస్తుంది. మూడేళ్ల కింద నేను వాడి చూసిన ఒక ఇంటిగ్రేటెడ్ యాంప్ (పేరు వద్దులెండి) 4 ఓమ్‌లకి 200 వాట్లు అని రాసుకుంది, తాళం గట్టిగా పడ్డప్పుడల్లా ప్యానెల్‌లో చిట్‌మని శబ్దం. ప్యానెల్ పాడైందనుకుని వారం రోజులు దాన్నే అనుమానించాను. యాంప్ మార్చగానే పోయింది. కాబట్టి వాట్లు కాదు చూడాల్సింది. 8 ఓమ్‌ల అంకెకి 4 ఓమ్‌ల దగ్గర ఇంచుమించు రెట్టింపు ఇస్తుందా, 2 ఓమ్‌ల లోడ్‌కి అంకె అసలు ఇచ్చారా, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ జతలు ఒక చానెల్‌కి ఎన్ని ఉన్నాయి, ఇవి అడగండి. 60 వాట్లదైనా 2 ఓమ్‌లకి మాట ఇచ్చిన యాంప్, ఆ ఊసే ఎత్తని 150 వాట్ల యాంప్‌కన్నా మీకు మేలు.

ఇంకోటి స్థిరత్వం. ఫీడ్‌బ్యాక్ ఉన్న యాంప్‌కి కెపాసిటర్ తగిలిస్తే వెనక్కొచ్చే సిగ్నల్ ఆలస్యమై, యాంప్ మనకి వినపడని ఫ్రీక్వెన్సీలో ఊగడం మొదలుపెట్టవచ్చు. మంచి డిజైనర్లు అవుట్‌పుట్‌లో ఒకటి రెండు మైక్రోహెన్రీల చిన్న కాయిల్ పెట్టి దీన్ని ఆపుతారు. 2 మైక్రోహెన్రీలు, మన 5 మైక్రోఫారడ్లు కలిసి 50 కిలోహెర్ట్జ్ దగ్గర రెసొనేట్ అవుతాయి, అంటే అక్కడ ఉప్పొంగుతాయి, చెవికి అందని చోట. ఆ కాయిల్ లేని కొన్ని యాంపులు పొడవాటి స్పీకర్ తీగనే కాయిల్‌గా నమ్ముకుంటాయి, అలాంటివి వద్దు. తీగల మాట వచ్చింది కాబట్టి: అల్లిన జడల్లాంటి ఎక్కువ కెపాసిటెన్స్ ఉన్న ఖరీదైన కేబుళ్లు ఈ స్పీకర్లకి కొనొద్దు. మామూలు లావుపాటి రాగి తీగ, పొట్టిగా.

క్లాస్ డి (ట్రాన్సిస్టర్లని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేసే రకం యాంపులు) గురించి మీరు అడగలేదు, రేపు అడుగుతారు. దాని అవుట్‌పుట్‌లో ఎలాగూ కాయిల్, కెపాసిటర్ ఫిల్టర్ ఉంటుంది. 10 మైక్రోహెన్రీలు, 0.68 మైక్రోఫారడ్ అనుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు 61 కిలోహెర్ట్జ్ దగ్గర రెసొనేట్ అవుతుంది. మన 5 మైక్రోఫారడ్లు దానికి జతకలిస్తే అది 21 కిలోహెర్ట్జ్‌కి దిగొచ్చి గుమ్మంలో నిలబడుతుంది. ఫిల్టర్ తర్వాతి నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకునే మంచి డిజైన్లు దీన్ని అదుపులో పెడతాయి. ఫిల్టర్ ముందు నుంచే తీసుకునే చవక బోర్డులు పెట్టవు. ఏ రకమో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

సరే, ఆ కొద్ది రూపాయల పరీక్ష. 1 ఓమ్, 20 వాట్ల రెసిస్టర్లు రెండు కొనండి. మీ స్పీకర్ వెనక రెండు జతల టెర్మినళ్లు ఉంటే మధ్యనున్న పట్టీలు తీసేసి, ప్యానెల్‌కి వెళ్లే ప్లస్ తీగలో మాత్రమే దీన్ని సిరీస్‌లో పెట్టండి. ట్రాన్సిస్టర్ యాంప్ ఇప్పుడు ప్యానెల్‌కి 1 ఓమ్ వాల్వు యాంప్‌లా కనిపిస్తుంది, ఊఫర్ మీద పట్టు మాత్రం పోదు. పైగా ప్రొటెక్షన్‌కీ స్థిరత్వానికీ కూడా ఊపిరి దొరుకుతుంది. ఈమని శంకరశాస్త్రి వీణ పెట్టండి, మీటు తెగిన చోట గోటి చప్పుడు ఎలా ఉందో వినండి. తర్వాత ఘంటసాల పాత మోనో రికార్డింగు ఏదైనా. ఆ గొంతు ఈ ప్యానెల్‌లో పలికినంత దగ్గరగా పెట్టె స్పీకర్లలో పలకడం నేను వినలేదు, కానీ ఆనాటి డిస్కుల గరగర కూడా అంతే దగ్గరగా వస్తుంది, రెసిస్టర్ దాన్ని కాస్త మెత్తబరుస్తుంది. ఒక వారం అలాగే ఉంచి తీసేయండి. తీసేశాక హాయిగా అనిపిస్తే గొడవ లేదు. మళ్లీ పెట్టాలనిపిస్తే మీకు కావాల్సిన వాల్వు తియ్యదనం అదే.

ఇంత చెప్పినా వాల్వు మీద మనసు పోకపోతే, ఆ కేటీ88 యాంప్‌ని ఇంటికి తెచ్చుకుని 4 ఓమ్‌ల ట్యాప్ మీద వినండి, 8 మీద కాదు. ట్యాప్ సగమైతే లోపలి రెసిస్టెన్స్ కూడా సగమవుతుంది: ఒకటిన్నర డెసిబెల్ లోటు కాస్తా అర డెసిబెల్ లోపుకి వస్తుంది. వోల్టేజ్ మూడో వంతు తగ్గినా మీ హాలుకి చాలు. స్పీకర్ తగిలించకుండా మాత్రం దాన్ని ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. రెండు యాంపులూ పోల్చేటప్పుడు చప్పుడు సమానం చేయండి: 500 హెర్ట్జ్ టోన్ పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ ఏసీ రేంజ్‌లో ఒకే అంకె వచ్చేలా. అరడెసిబెల్ ఎక్కువ మోగిన యాంప్ ఎప్పుడూ "ప్రాణం ఉన్నట్టు" అనిపిస్తుంది, మీ బావగారికైనా, నాకైనా. ఏది మోగుతోందో చెప్పకుండా మీ ఇంట్లోవాళ్ల చేత మార్పించండి.

పోలికకి కూర్చునే ముందు ప్యానెళ్లని ప్లగ్‌లో పెట్టి చాలాసేపు పాటలు మోగనివ్వండి. సెకండ్ హ్యాండ్ జత అన్నారు, ఎన్నాళ్లు ఖాళీగా ఉన్నాయో తెలీదు, చార్జి నిండడానికి టైమ్ పడుతుంది. వానాకాలంలో ప్యానెల్‌లోంచి చిటపటలు వినపడితే అది యాంప్ పని కాదు, తేమ, దుమ్ము. నేను విశాఖలో ఉన్న నాలుగేళ్లూ ఆగస్టు వచ్చిందంటే ఆ చిటపటలే. ప్లగ్ తీసి ఆరేడు గంటలు ఆగి, మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్ క్లీనర్‌తో రేకు పైనుంచి మెల్లగా లాగండి. తడిగుడ్డ తగలనివ్వద్దు. ఆ తర్వాత కూడా ఒక స్పీకర్ రెండోదానికన్నా తక్కువ మోగుతుంటే యాంప్ కొనడం ఆపి, డబ్బు ప్యానెల్ కోసం పక్కన పెట్టుకోండి.